భార్యాభర్తలిద్దరూ సైన్యంలో ఉంటే: పోస్టింగ్ దరఖాస్తు నుంచి వీలునామా దాకా

"మా ఇద్దరికీ ఒకే ఊళ్లో పోస్టింగ్ వస్తుందా?" సైన్యంలో ఉన్న దంపతులూ, పెళ్లికి సిద్ధమవుతున్నవారూ ముందుగా అడిగే ప్రశ్న ఇదే. రావచ్చు. కానీ హక్కుగా రాదు. భార్యాభర్తలను ఒకే చోట ఉంచాలన్న మార్గదర్శకాలు ఉద్యోగికి చట్టపరమైన హక్కును ఇవ్వవని సుప్రీంకోర్టు 1993లో ఎస్.ఎల్. అబ్బాస్ కేసులో తేల్చింది. అది సివిల్ ఉద్యోగి కేసు. సైన్యంలో సేవా అవసరానిదే పైచేయి కాబట్టి అక్కడ ఆ మాట మరింత బరువుగా వర్తిస్తుంది.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే: పోస్టింగ్ ఉత్తర్వు వచ్చాక పరుగెత్తకండి, అది తయారుకాకముందే ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకోండి. కింద రాసినది భారత సైన్యం, నౌకాదళం, వాయుసేనల్లోని దంపతుల కోసం. ఎక్కువ భాగం అధికారులకు వర్తిస్తుంది. జవాన్లకు, నావికులకు, వాయుసైనికులకు తేడా ఉన్నచోట విడిగా చెప్పాను.

1. పెళ్లికి ముందే తేల్చుకోవలసినవి

శిక్షణ నడుస్తుండగా పెళ్లి కుదరదు. ఖడక్‌వాస్లా, డెహ్రాడూన్ అకాడమీల్లో శిక్షణ మధ్యలో పెళ్లి చేసుకున్నవారిని తొలగిస్తారు, ప్రభుత్వం పెట్టిన ఖర్చును కూడా తిరిగి కట్టమంటారు. అగ్నివీరులు నాలుగేళ్ల సేవాకాలం ముగిసేదాకా ఆగాలి. ఇంట్లో పెద్దలు తొందరపెడుతుంటే ఈ నిబంధనను వారికి చదివి వినిపించండి.

రెండోది కమిషన్ రకం, అంటే అధికారిగా నియామకం కొన్నేళ్లకేనా (షార్ట్ సర్వీస్), పదవీ విరమణ దాకానా (పర్మనెంట్) అన్నది. షార్ట్ సర్వీస్ అధికారికి సాధారణంగా 10 ఏళ్లు, పొడిగిస్తే 14 ఏళ్లు. అధికారికి పింఛను అర్హత రావాలంటే 20 ఏళ్ల సేవ కావాలి. ఒకరిది పర్మనెంట్ కమిషన్, మరొకరిది షార్ట్ సర్వీస్ అయితే పదో ఏట ఇంట్లో ఒక పెద్ద నిర్ణయం తప్పదు. ఆ సంగతి పెళ్లి మాటల్లోనే బయటికి రావాలి.

మూడోది విభాగం. పదాతిదళ అధికారి తన యూనిట్ ఎక్కడికి కదిలితే అక్కడికి వెళ్లాలి. సిగ్నల్స్ (సమాచార వ్యవస్థ), ఇ.ఎం.ఇ. (యంత్రాలు, వాహనాల మరమ్మతు), ఆర్డ్‌నెన్స్ (ఆయుధ సామగ్రి నిల్వలు), ఆర్మీ సర్వీస్ కోర్ (సరఫరా, రవాణా) వంటి విభాగాల్లో స్థానాలు చాలా ఊళ్లలో ఉంటాయి. డాక్టర్లకూ, మిలిటరీ నర్సింగ్ సర్వీసు వారికీ ఆసుపత్రి ఉన్న ఊరే స్టేషన్.

ఇక ముహూర్తం. మన ఇళ్లలో ముందు ముహూర్తం పెట్టించి తరువాత లీవు అడగమంటారు. ఇద్దరికీ లీవు మంజూరు కావలసిన పెళ్లిలో ఈ వరస తిరగబడాలి. పంతులుగారి దగ్గర రెండు మూడు ముహూర్తాలు రాయించుకుని, ఇద్దరి యూనిట్లలో ఏది వీలవుతుందో కనుక్కున్నాకే శుభలేఖలు వేయించండి.

పెళ్లికి ముందు ఇద్దరూ ఒకరినొకరు అడగవలసినవి:

- పదో ఏట నువ్వు కొనసాగుతావా, బయటికి వస్తావా?
- రాబోయే నాలుగేళ్లలో నీకు తప్పనిసరి ఫీల్డ్ (సరిహద్దు ప్రాంతపు) పోస్టింగ్ గానీ, సముద్రంపై డ్యూటీ గానీ ఎప్పుడు?
- పిల్లలు పుడితే మొదటి రెండేళ్లు ఎవరి దగ్గర ఉంటారు? ఏ అమ్మమ్మనో నాన్నమ్మనో అడిగావా, లేక వస్తారని నువ్వే అనుకుంటున్నావా?

2. పెళ్లయ్యాక మొదటి నెల: కాగితాలు

పెళ్లిని సబ్-రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించి ధ్రువపత్రం తీసుకోండి. లీవు ముగిసేలోపే ఈ పని అయిపోవాలి. తిరిగి యూనిట్లకు వెళ్లాక ఇద్దరూ కలిసి ఆ కార్యాలయానికి వచ్చే అవకాశం ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం.

తరువాత ఇద్దరూ, ఎవరి యూనిట్లో వారు, పెళ్లిని సేవా రికార్డులోకి ఎక్కించాలి. ఇందుకు వాడే పత్రాన్ని సైన్యంలో పార్ట్ టూ ఆర్డర్, నౌకాదళంలో జెన్‌ఫార్మ్, వాయుసేనలో పి.ఓ.ఆర్. అంటారు. ఒకరి రికార్డులో ఎక్కితే రెండో వారిదీ దానంతటదే మారిపోతుందని చాలామంది అనుకుంటారు. మారదు. ముఖ్యంగా ఇద్దరూ వేర్వేరు దళాల్లో ఉంటే ఒక కార్యాలయానికి మరో కార్యాలయం సంగతి తెలియదు.

తెలుగువాళ్లకు ఇక్కడే ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగానే ఉంటుంది. ఆమె సేవా రికార్డులో ఇంటిపేరు చివర ఉండి, భర్త రికార్డులో భార్య పేరు రాసేటప్పుడు ఇంటిపేరు ముందుకు వస్తే, కంప్యూటర్ దృష్టిలో వారు ఇద్దరు మనుషులు. దరఖాస్తు దశలో దీన్ని ఎవరూ పట్టించుకోరు. క్లెయిమ్ దగ్గరో, పింఛను దగ్గరో అడ్డం పడుతుంది. ఆమె సేవా రికార్డులో పేరు ఏ అక్షరాలతో, ఏ వరుసలో ఉందో భర్త రికార్డులోనూ అచ్చంగా అలాగే రాయించండి. పెళ్లి ధ్రువపత్రం, ఆధార్, పాన్ కూడా అదే వరుసలో ఉండాలి.

పెళ్లి తరువాత ఇంటిపేరు మార్చుకోవడం తప్పనిసరి కాదు. మార్చుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. మార్చాలంటే అఫిడవిట్ నుంచి ప్రతి కోర్సు సర్టిఫికెట్ దాకా ఒక ఏడాది పని.

ఈ నెలలో పూర్తి కావలసినవి:

- పెళ్లి ధ్రువపత్రం: అసలు కాకుండా నాలుగు ధ్రువీకరించిన నకళ్లు
- ఇద్దరి రికార్డుల్లోనూ వివాహ నమోదు, ఉత్తర్వు సంఖ్య, తేదీ
- డి.ఎస్.ఓ.పి. ఫండ్ (అధికారుల భవిష్య నిధి), గ్రూప్ ఇన్సూరెన్స్, బ్యాంకు ఖాతాలన్నింటిలో నామినీ మార్పు
- సమీప బంధువు వివరాల సవరణ
- ఇద్దరి పేరా ఒక ఉమ్మడి ఖాతా, ఇద్దరిలో ఎవరైనా నడపగలిగే పద్ధతిలో

నామినీ విషయంలో ఒక్క మాట. పెళ్లికి ముందు తల్లిదండ్రుల పేరు రాసిన పత్రాలను మళ్లీ కొత్తగా నింపాలి. భర్త పత్రంలో భార్యనూ, భార్య పత్రంలో భర్తనూ రాసి ఊరుకోవద్దు. ఇద్దరూ ఒకే వాహనంలో ప్రయాణించే దంపతులు మీరు. ప్రత్యామ్నాయ నామినీ గడిని ఖాళీగా వదలకండి.

3. రాబోయే రెండు పోస్టింగుల పటం

దరఖాస్తు రాసే ముందు చేయవలసిన అసలు పని ఇది. ఒక పెద్ద కాగితం తీసుకుని నిలువునా రెండు భాగాలు చేయండి. అడ్డంగా ఆరు నెలలకో గీత చొప్పున ఐదేళ్లు గీయండి. ప్రతి గడిలో ఎవరు ఎక్కడ, ఏ హోదాలో ఉంటారో, ఏ కోర్సు ఉందో, పదోన్నతి బోర్డు ఎప్పుడో పెన్సిల్‌తో రాయండి. సాధారణంగా ఒక్కో పోస్టింగ్ రెండు మూడేళ్లు. ఒకరిది ముందు, మరొకరిది వెనుక ముగుస్తుంది. ఆ తేదీలను ఎలా దగ్గర చేయాలన్నదే మీ ముందున్న లెక్క.

భర్త పదాతిదళంలోనో, ట్యాంకులు నడిపే కవచ దళంలోనో ఉంటే అతను యూనిట్‌తో ఉన్న కాలంలో కలిసి ఉండటం కష్టం. అతనికి యూనిట్ బయటి కొలువు వచ్చినప్పుడే, అంటే స్టాఫ్ పదవిలోనో, శిక్షణా సంస్థలో ఇన్‌స్ట్రక్టర్‌గానో ఉన్నప్పుడే వెసులుబాటు ఉంటుంది. అందువల్ల ఆమె తన తప్పనిసరి ఫీల్డ్ కాలాన్ని అతను యూనిట్‌తో సరిహద్దులో ఉన్నప్పుడే పూర్తి చేసుకుని, అతని బయటి కొలువు సమయానికి ఖాళీగా ఉండేలా అడగాలి. చాలా జంటలు దీన్ని తలకిందులుగా చేస్తాయి. అతను ఫీల్డ్‌లో ఉన్నప్పుడు ఆమె హైదరాబాద్ అడుగుతుంది. అతను తిరిగి వచ్చే వేళకు ఆమె వంతు వస్తుంది. కలిసి ఉండగలిగిన రెండున్నరేళ్లు అలా పోతాయి.

పిల్లలు చిన్నవాళ్లయి ఉన్నప్పుడు మాత్రం ఈ సూత్రం పనికిరాదు. అప్పుడు ఒకరు బయట, ఒకరు పీస్ స్టేషన్‌లో (కుటుంబంతో ఉండగలిగే ఊళ్లో) ఉండేలా వంతులు వేసుకోండి. నౌకాదళ దంపతులు ఇద్దరూ ఒకేసారి ఓడపై ఉండకుండా, ఒకరు విశాఖపట్నంలో ఓడపై ఉంటే మరొకరు అదే ఊళ్లో ఒడ్డున ఉండేలా అడగవచ్చు. ఓడ తిరిగి వచ్చే రేవే ఇంటి ఊరవుతుంది.

ఇద్దరూ వేర్వేరు దళాల వారైతే ఊళ్ల జాబితా మీరే తయారు చేసుకోవాలి. ఇలా మొదలుపెట్టండి:

- మూడు దళాలూ కలిసి పనిచేసేవి: ఢిల్లీ, శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోని అండమాన్ నికోబార్ కమాండ్, తమిళనాడులోని వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజి, ఖడక్‌వాస్లా అకాడమీ, సికింద్రాబాద్ సైనిక్‌పురిలోని కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్
- సైన్యం, వాయుసేన: హైదరాబాద్ చుట్టుపక్కలే తిరుమలగిరి, గోల్కొండ ఒకవైపు, హకీంపేట, బేగంపేట, దుండిగల్ మరోవైపు. ఇంకా పుణె, బెంగళూరు, జోధ్‌పూర్, ఆగ్రా, అంబాలా, పఠాన్‌కోట్, తేజ్‌పూర్
- సైన్యం, నౌకాదళం: ముంబయి, గోవా, కొచ్చి
- జామ్‌నగర్: మూడూ ఉన్న చిన్న ఊరు. చాలామందికి గుర్తురాదు

డాక్టరో నర్సింగ్ అధికారో జంటలో ఉంటే ఆసుపత్రుల పేర్లు కూడా చేర్చండి: సికింద్రాబాద్ మిలిటరీ హాస్పిటల్, విశాఖలోని ఐ.ఎన్.హెచ్.ఎస్. కళ్యాణి, పుణె, బెంగళూరు, లక్నోల్లోని కమాండ్ హాస్పిటళ్లు.

4. దరఖాస్తు: ఎప్పుడు, ఎవరికి, ఎలా

ఎప్పుడు: ప్రస్తుత పోస్టింగ్ ముగియడానికి ఏడాది ముందు మొదటిసారి, ఆరు నెలల ముందు గుర్తుచేస్తూ రెండోసారి. ఉత్తర్వు వెలువడ్డాక రద్దు కోరితే మీ స్థానంలోకి రావలసిన మరొకరి ఏర్పాట్లు కూడా తారుమారవుతాయి. అందుకే పై అధికారి సాధారణంగా ఒప్పుకోరు.

ఎవరికి: దరఖాస్తు కమాండింగ్ అధికారి ద్వారానే వెళ్లాలి. సైనిక అధికారుల పోస్టింగులు ఢిల్లీలోని మిలిటరీ సెక్రటరీ శాఖ చూస్తుంది, నౌకాదళ, వాయుసేన అధికారులవి ఆయా ప్రధాన కార్యాలయాల్లోని పర్సనెల్ (సిబ్బంది) విభాగాలు. జవాన్లవి వారి కోర్ రికార్డ్స్ కార్యాలయాలు చూస్తాయి. ఆర్డ్‌నెన్స్, ఇ.ఎం.ఇ. రికార్డ్స్ రెండూ సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. నావికులవి ముంబయిలోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్, వాయుసైనికులవి ఢిల్లీలోని రికార్డ్ ఆఫీస్.

ఎలా: ఇద్దరూ విడివిడిగా, ఒకే వారంలో, ఒకరి దరఖాస్తులో మరొకరి పూర్తి వివరాలు రాసి పంపాలి. ఒక్కరే పంపిన దరఖాస్తు సగం దరఖాస్తే. అందులో ఉండవలసినవి ఈ వరుసలో:

1. మీ నంబరు, హోదా, పేరు, ప్రస్తుత యూనిట్, చేరిన తేదీ
2. జీవిత భాగస్వామివి అవే వివరాలు, వారి దళం, పోస్టింగ్ చూసే శాఖ పేరు
3. వివాహ నమోదు ఉత్తర్వు సంఖ్య, నకలు
4. ఇప్పటిదాకా కలిసి ఉన్న కాలం, విడిగా ఉన్న కాలం, నెలల్లో
5. పూర్తిచేసిన ఫీల్డ్ లేదా సముద్ర సేవ
6. కోరుకునే మూడు స్టేషన్లు, ప్రతిదానిలో మీ హోదాకు తగిన స్థానం ఉన్న యూనిట్ పేరు
7. మూడూ కుదరకపోతే మీరు ఒప్పుకునేది

ఆరో అంశం దగ్గరే దరఖాస్తులు గెలుస్తాయి. "హైదరాబాద్ ఇవ్వండి" అని ఒకే ఊరు రాస్తే పోస్టింగ్ చూసే అధికారికి చేయడానికి ఏమీ మిగలదు. "జోధ్‌పూర్‌లోనో, తేజ్‌పూర్‌లోనో ఇద్దరికీ స్థానం ఉంది, ఏదైనా సరే" అని రాస్తే అతని పని సగం మీరే చేసినట్టు. సొంత ఊరికి దగ్గర కావడం, ఇద్దరూ ఒకచోట ఉండటం అనే రెండు కోరికలను ఒకే దరఖాస్తులో కలపకండి. కలిపితే రెండూ బలహీనపడతాయి. అత్తగారి అనారోగ్యం, పిల్లల చదువు, ఇంటి నిర్మాణం అన్నీ ఒకే కాగితంలో గుప్పించడమూ అంతే. కుటుంబంలో ఎవరికైనా తీవ్రమైన జబ్బు ఉంటే దానికి కారుణ్య కారణాల దరఖాస్తు వేరే ఉంది.

ఫోను చేసి తెలిసినవారితో చెప్పించుకోవడం మానండి. అది రికార్డులో ఉండదు, తరువాత మీకు ఆధారంగా పనికిరాదు.

5. ఒకే స్టేషన్ వచ్చింది. ఒకే యూనిట్ కూడా వస్తే?

వీలైనంత వరకు ఒకే స్టేషన్, వేర్వేరు యూనిట్లు కోరండి. ఒకే యూనిట్ వచ్చినా, ఒకరి వార్షిక నివేదికను మరొకరు రాసే స్థితి, లేదా ఒకరి లీవును మరొకరు మంజూరు చేసే స్థితి రాకూడదు. అలాంటిది కనిపిస్తే చేరిన మొదటి రోజే పై అధికారికి రాతపూర్వకంగా చెప్పండి. మీరు ఎంత నిష్పక్షపాతంగా ఉన్నా, మంచి నివేదిక వస్తే భర్త రాశాడంటారు. కష్టపడి సంపాదించుకున్న పేరు అనవసరంగా పలచబడుతుంది.

యూనిఫారంలో ఉన్నంతసేపు హోదాయే బంధుత్వం. భార్య సీనియర్ అయితే పరేడ్‌లో భర్త సెల్యూట్ చేస్తాడు, "మేడమ్" అంటాడు. ఇంట్లో పెద్దలు చూసి నొచ్చుకోవచ్చు. వారికి ముందే వివరించండి. లెఫ్టినెంట్ జనరల్ మాధురీ కానిత్కర్, ఆమె భర్త లెఫ్టినెంట్ జనరల్ రాజీవ్ కానిత్కర్ ఇద్దరూ ఒకే హోదాకు చేరారు. చాలా ఇళ్లలో అలా సమంగా నడవదు, ఒకరి పదోన్నతి ముందు వస్తుంది. ఆ రోజు కోసం ఇద్దరి మనసూ సిద్ధంగా ఉండాలి.

6. క్వార్టర్, అలవెన్సులు

ఒకే స్టేషన్‌లో ఒకే క్వార్టర్. ఒకరి పేర ప్రభుత్వ ఇల్లు ఉంటే ఆ స్టేషన్‌లో రెండో వారికి ఇంటి అద్దె భత్యం రాదు. పొరపాటున జీతంలో జమ అయితే తరువాత మొత్తం వసూలు చేస్తారు, కాబట్టి క్వార్టర్‌లో చేరిన వారంలోనే అద్దె భత్యం నిలిపే పత్రం ఇవ్వండి. వేర్వేరు స్టేషన్లలో ఉంటే ఎవరి అర్హత వారిది.

మిలిటరీ సర్వీస్ పే ఇద్దరికీ విడివిడిగా వస్తుంది. పిల్లల చదువు భత్యం మాత్రం ఒక్కరే తీసుకోవాలి. ఎవరు తీసుకుంటారో రాసి ఇచ్చి, ఆ కాగితం నకలు రెండు యూనిట్లలోనూ ఉంచండి.

7. పిల్లలు

మహిళా అధికారులకు ప్రసూతి సెలవు పూర్తి జీతంతో 180 రోజులు, ఇద్దరు పిల్లల వరకు. పిల్లల సంరక్షణ సెలవు మొత్తం సర్వీసులో 360 రోజులు, బిడ్డకు 18 ఏళ్లు నిండేలోపు. ఏడాదిలోపు వయసున్న బిడ్డను దత్తత తీసుకుంటే 180 రోజులు. 2023 నవంబరు నుంచి ఇవి జవాన్లు, నావికులు, వాయుసైనికులుగా ఉన్న మహిళలకూ వర్తిస్తున్నాయి. తండ్రికి పితృత్వ సెలవు ఉంది. దాన్ని వార్షిక సెలవుతో కలిపి వాడుకోండి. అధికారికి ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 20 రోజుల క్యాజువల్ లీవు ఉంటాయి.

వీటిని ఖర్చుపెట్టే వరుస ముఖ్యం. చాలామంది ప్రసూతి సెలవుకు వెంటనే సంరక్షణ సెలవు జోడించి ఏడాది పాటు ఇంట్లో ఉంటారు. తరువాత బిడ్డకు ఐదో ఏట, భర్త ఫీల్డ్‌లో ఉన్నప్పుడు, మిగిలింది ఏమీ ఉండదు. నా సలహా: ప్రసూతి సెలవు తరువాత తండ్రి తన వార్షిక సెలవు మొత్తం పెట్టాలి, ఆ తరువాత అమ్మమ్మ లేదా నాన్నమ్మ రావాలి. 360 రోజుల్లో సగానికి తక్కువ కాకుండా బడి వయసు కోసం దాచాలి. సంరక్షణ సెలవు అడిగిన వెంటనే మంజూరు కావాలన్న నియమం లేదు. పెద్ద విన్యాసాల నెలల్లో అడిగితే కాదంటారు.

గర్భం నిర్ధారణ కాగానే సైనిక ఆసుపత్రిలో నమోదు చేసుకోండి. శారీరక పరీక్షలు, కోర్సుల తేదీలు దాన్నిబట్టే మారుతాయి. చెప్పడానికి మొహమాటపడి కోర్సుకు వెళ్లి మధ్యలో వెనక్కి రావడం ఆరోగ్యానికీ, రికార్డుకూ మంచిది కాదు.

అమ్మమ్మ, నాన్నమ్మల విషయం వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మన కుటుంబాల్లో భారమంతా చివరికి వారి మీదే పడుతుంది. అస్సాంలో, రాజస్థాన్‌లో భాష తెలియక, తోడు లేక, రోజంతా నాలుగు గోడల మధ్య చంటిబిడ్డతో ఉండటం అరవై ఏళ్ల మనిషికి చిన్న విషయం కాదు. మూడు నెలలకు మించి ఒకరినే ఉంచకండి. రెండు వైపుల వారూ వంతులు వేసుకునేలా పెళ్లిలోనే మాట తీసుకోండి. టికెట్లు, మందులు, కంటి డాక్టరు ఖర్చు మీరే భరించండి. స్టేషన్‌లో క్రెష్ ఉంటే రోజుకు నాలుగు గంటలైనా బిడ్డను అక్కడ ఉంచండి. పెద్దావిడకు కాస్త విశ్రాంతి దొరుకుతుంది.

బడికి కేంద్రీయ విద్యాలయం మంచి ఎంపిక. బదిలీ అయిన చోటల్లా అదే సిలబస్. ఆర్మీ పబ్లిక్ స్కూళ్లు కూడా అంతే. తెలుగు మాత్రం ఇంట్లోనే నేర్పుకోవాలి.

8. దూరంగా ఉన్నప్పుడు, ఇంట్లో ఉన్నప్పుడు కూడా

మీ ఇద్దరిలో ఒకరికి తెలిసిన రహస్యం మరొకరికి తెలియాలన్న నియమం లేదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం వంటగదిలోనూ వర్తిస్తుంది. యూనిట్ కదలిక, ఓడ బయలుదేరే తేదీ, డ్యూటీ ప్రదేశం ఫోనులో మాట్లాడకండి. "వారం రోజులు దొరకను" అన్న మాట చాలు. సైన్యం 2020లో 89 యాప్‌లను ఫోన్ల నుంచి తీసివేయమంది. ఆ జాబితాతో పాటు ఇప్పటి ఉత్తర్వునూ ఇద్దరూ చూసుకోండి. ఇద్దరూ యూనిఫారంలో దిగిన పెళ్లి ఫోటోను బంధువులు సామాజిక మాధ్యమాల్లో పెట్టకుండా ముందే చెప్పి ఉంచండి.

లీవుల్లో సగం కలిసి వచ్చేలా జనవరిలోనే ఇద్దరి యూనిట్లలో ప్రణాళిక ఇవ్వండి. మిగతా సగం వేర్వేరుగా, పిల్లల దగ్గర ఎప్పుడూ ఒకరు ఉండేలా చూసుకోండి.

9. వీలునామా, సంరక్షకుడు, అధికార పత్రం

దీన్ని వాయిదా వేసే జంటలే ఎక్కువ. దయచేసి వేయకండి.

ఇద్దరూ విడివిడిగా వీలునామా రాయండి. ఇద్దరికీ ఒకేసారి ఏదైనా జరిగితే పిల్లల సంరక్షకులు ఎవరో పేరు పెట్టి రాయండి. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం తల్లిదండ్రులు వీలునామా ద్వారా సంరక్షకుణ్ణి నియమించడానికి వీలు కల్పిస్తోంది. ఇద్దరి వీలునామాల్లోనూ ఒకే పేరు ఉండాలి. లేకపోతే రెండు కుటుంబాల మధ్య బిడ్డ నలిగిపోతుంది. ఎవరి పేరు రాస్తున్నారో వారిని ముందే అడిగి ఒప్పించండి. తల్లిదండ్రులిద్దరూ సేవలో ఉండి మరణిస్తే అర్హత ఉన్న బిడ్డకు రెండు కుటుంబ పింఛన్లూ నిర్ణీత పరిమితికి లోబడి వస్తాయి. ఆ సంగతి సంరక్షకుడికి తెలిసి ఉండాలి.

ఊళ్లో స్థలమో, ఫ్లాటో కొంటుంటే నమ్మకమైన ఒకరికి ఆ ఒక్క పనికే పరిమితమైన అధికార పత్రం (పవర్ ఆఫ్ అటార్నీ) రిజిస్టర్ చేయించి ఇవ్వండి. అన్ని అధికారాలూ ఇచ్చే పత్రం ఎవరికీ వద్దు.

ఒక సంచిలో ఉంచి, నకలు ఊళ్లో ఒకరికి ఇవ్వవలసినవి:

- రెండు వీలునామాల నకళ్లు
- ఇద్దరి నంబర్లు, యూనిట్లు, రికార్డ్స్ కార్యాలయాల చిరునామాలు
- ఇన్సూరెన్స్, ఫండ్, బ్యాంకు వివరాలు
- పిల్లల జనన ధ్రువపత్రాలు, ఆసుపత్రి కార్డులు
- స్వస్థలంలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఫోను నంబరు

10. కాదంటే

మొదటిసారి కాదన్నంత మాత్రాన దారి మూసుకుపోదు. కారణం ఏమిటో రాతపూర్వకంగా అడగండి. ఖాళీ లేదన్నారా, ఫీల్డ్ కాలం మిగిలి ఉందన్నారా అన్నదాన్నిబట్టి తరువాతి దరఖాస్తు మారుతుంది. ఖాళీ లేదంటే వేరే స్టేషన్లు రాయండి. ఫీల్డ్ మిగిలి ఉందంటే దాన్ని వెంటనే పూర్తి చేస్తామని, ఆ తరువాతి పోస్టింగ్ ఒకేచోట ఇవ్వమని అడగండి. ఈ రెండో పద్ధతి బాగా పనిచేస్తుంది.

ఆ తరువాత పై అధికారుల వద్ద ఫిర్యాదు చేసే మార్గం ఉంది. పోస్టింగులు, బదిలీలు సాయుధ దళాల ట్రిబ్యునల్ పరిధిలోకి రావని 2007 చట్టమే చెబుతోంది. కాబట్టి కోర్టుకు వెళ్లాలంటే హైకోర్టులో రిట్ పిటిషన్ వేయాలి. దాన్ని చివరి మార్గంగానే చూడండి. దుర్బుద్ధితోనో, నిబంధనలకు విరుద్ధంగానో ఇచ్చారని చూపించలేకపోతే కోర్టులు జోక్యం చేసుకోవు.

అన్నీ ప్రయత్నించాక, పదో ఏట, ఇద్దరిలో ఒకరు బయటికి రావాలన్న మాట వస్తుంది. అప్పుడు "ఆవిడే వస్తుందిలే" అని ఎవరూ ముందే తీర్మానించకూడదు. ఇద్దరి మిగిలిన సర్వీసు, పింఛను దూరం, పదోన్నతి అవకాశాలు, బయట దొరికే ఉద్యోగాలు ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి చూడండి. షార్ట్ సర్వీసు పొడిగింపుకు, పర్మనెంట్ కమిషన్ ఎంపికకు ఇష్టాన్ని తెలిపే గడువు యూనిట్‌కు వచ్చే లేఖలో ఉంటుంది. ఆ తేదీని మూడో అంశంలో గీసిన కాగితం మీద ఎర్ర సిరాతో ఇప్పుడే రాసుకోండి. ఆ గడువుకు మూడు నెలల ముందు ఇద్దరూ కలిసి వచ్చేలా లీవు పెట్టండి.